బరాత్ బండికి ఏ లైటు? చిన్న ఎల్‌ఈడీ మూవింగ్ హెడ్‌లు కొనేముందు ఇంట్లో మాట్లాడుకోవాల్సిన సంగతులు

చంద్రపూర్, బల్లార్షా, ఘుగ్గుస్, రాజురాలలో స్థిరపడిన మన తెలుగు ఇళ్ళలో ఈ మధ్య ఒక కొత్త ఖర్చు కనబడుతోంది. తాతలు బొగ్గు గనికి వచ్చారు. తండ్రులు గనిలోనో కాగితపు మిల్లులోనో పనిచేసి రిటైరయ్యారు. పిల్లవాడు డీజే పెట్టుకుంటానంటున్నాడు. పెట్టుబడి ఎక్కడిదయ్యా అంటే తండ్రికి వచ్చిన పీఎఫ్ డబ్బు. సౌండు బాక్సుల దగ్గర ఇల్లు ఎలాగో ఒప్పుకుంటుంది, పెద్దగా కనబడతాయి, బరువుంటాయి కనుక. లైట్ల దగ్గరే పేచీ. "ఆ తిరిగే బుడ్డి లైటుకు ఇన్ని వేలా?" అని తల్లి. "షార్పీలు లేకపోతే నన్నెవడూ పిలవడు బాపూ" అని కొడుకు.

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. సంఘం కార్యదర్శిగా ఉగాదికి, బతుకమ్మకు వచ్చే డీజే కొటేషన్లు చదివే పని నాది. ఉద్యోగం పొడుగునా టెండరు కాగితాలు తిరగేసిన గుమాస్తాను కాబట్టి, లైటు పక్కన రాసిన ప్రతి అంకెకూ అర్థమేమిటని అడగకుండా ఉండలేను. అలా అడిగి, చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. సౌండు సంగతి ఇందులో లేదు, అది వేరే పురాణం.

ముందు ఈ లైటు ఏమిటో చెప్పుకుందాం. కింద ఒక పీఠం, దాని మీద రెండు చేతుల్లాంటి ఫ్రేము, ఆ చేతుల మధ్య తల. ఫ్రేము పక్కలకు తిరుగుతుంది, తల పైకీ కిందికీ వంగుతుంది. కాగితం మీద పాన్ 540 డిగ్రీలు, టిల్ట్ 270 డిగ్రీలు అని రాసేది దీన్నే. అంటే పక్కలకు ఒకటిన్నర చుట్టు, నిలువుగా ముప్పావు చుట్టు. చాలా లైట్లలో ఈ అంకెలు ఇంచుమించు ఇవే, కాబట్టి వీటిని చూపించి ఎవరైనా గొప్ప చెబితే మురిసిపోనక్కర్లేదు. ఇలా తనంతట తిరిగే లైట్లు కచేరీ వేదిక మీదికి వచ్చింది 1981లో. జెనెసిస్ అనే ఇంగ్లీషు పాటల బృందం వేరీ-లైట్ అనే పేరుతో వాటిని వాడింది. అప్పుడు అవి లారీల్లో మోసుకెళ్ళే సరుకు. ఆటోలో పట్టే సైజుకు దిగిరావడానికి కారణం ఎల్‌ఈడీ. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు ఎప్పటినుంచో ఉన్నా, మంచి వెలుగునిచ్చే నీలం ఎల్‌ఈడీ జపానులో 1993లో గానీ కుదరలేదు. నీలం లేనిదే తెలుపు లేదు. ఆ నీలాన్ని సాధించినందుకే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు.

ఇక షార్పీ. ఈ పేరు మన దగ్గర డాల్డా, జిరాక్స్ లాగా అయిపోయింది. అసలు షార్పీ ఇటలీలోని క్లే పాకీ కంపెనీ 2010లో తెచ్చిన ఒక మోడలు. అందులో 189 వాట్ల డిశ్చార్జి బల్బు ఉంటుంది. కిరణం కత్తిలా సన్నగా, చాలా దూరం పోతుంది. దాన్ని చూసి చైనాలో లెక్కలేనన్ని నకళ్ళు వచ్చాయి, మన బజారులో "5ఆర్", "7ఆర్" అని పిలిచేవి ఆ బల్బుల రకాలే. 7ఆర్ అంటే 230 వాట్ల బల్బు. మన పిల్లలు షార్పీ అన్నప్పుడు నూటికి తొంభై సార్లు ఈ నకలునే అంటున్నారు. అది తప్పేమీ కాదు గానీ, ఇంటి డబ్బు పెట్టేటప్పుడు ఏది కొంటున్నామో పేరు సరిగ్గా తెలిసి ఉండాలి.

డిశ్చార్జి బల్బుతో చిక్కులు మన ప్రాంతానికి వచ్చేసరికి ఎక్కువవుతాయి. బల్బు ఆయుష్షు సుమారు 2,000 గంటలు అంటారు, ఆ తరవాత మార్చాలి. లైటు బరువు 15 నుంచి 20 కిలోలు, ఇద్దరు లేనిదే స్టాండు ఎక్కదు. అన్నిటికంటే ముఖ్యం కరెంటు. గోండ్‌పిప్రీ వైపో, కోర్పనా వైపో, గడ్చిరోలి జిల్లా సిరొంచలో మన తెలుగువాళ్ళ పెళ్ళికో వెళ్ళారనుకోండి. కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే చాలు, వేడెక్కిన డిశ్చార్జి బల్బు వెంటనే వెలగదు. అది చల్లారాలి, మళ్ళీ అంటుకోవాలి. కొన్ని నిమిషాలు పడుతుంది. పెళ్ళికూతురు మండపంలోకి అడుగుపెట్టేది సరిగ్గా ఆ నిమిషాల్లోనే! ఎల్‌ఈడీ అయితే కరెంటు రాగానే ఒకసారి తల తిప్పుకుని, మోటార్లు సరిచూసుకుని, నిమిషంలోపే పనిలోకి వస్తుంది. నన్నడిగితే మొబైల్ డీజేకి ఎల్‌ఈడీ కొనడానికి ఈ ఒక్క కారణం చాలు.

వాడకమూ తక్కువే. చిన్న ఎల్‌ఈడీ హెడ్ ఒకటి మొత్తం మీద 150 వాట్లు తాగుతుందనుకుందాం. ఎనిమిదింటికి 1,200 వాట్లు, అంటే 230 వోల్టుల మీద ఐదు ఆంపియర్ల చిల్లర. 7ఆర్ రకం మోటార్లు, ఫ్యానులతో కలిపి ఒక్కోటి 350 వాట్లు అనుకున్నా ఎనిమిదింటికి 2,800 వాట్లు, 12 ఆంపియర్లు దాటుతుంది. ఊళ్ళో పెళ్ళి ఇంటి ప్లగ్గులో సౌండు కూడా అదే వైరు మీద తగిలిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. జనరేటరు పెట్టేవాళ్ళకు డీజిలు ఖర్చులోనూ ఈ తేడా తెలుస్తుంది.

అయితే ఎల్‌ఈడీ అంటే అన్నీ ఒకటి కాదు. బీమ్, స్పాట్, వాష్ అని మూడు జాతులున్నాయి. పిల్లలు ఎప్పుడూ బీమ్ అడుగుతారు, ఎందుకంటే వీడియోల్లో కనబడేది అదే. బీమ్ కిరణం మూడు నాలుగు డిగ్రీలే వెడల్పు. 30 అడుగుల దూరంలో కూడా దాని వృత్తం ఇంచుమించు రెండు అడుగులు మించదు. గాలిలో గీత గీసినట్టు కనబడాలంటే పొగ ఉండాలి. పొగ యంత్రం లేకుండా బీమ్ వేస్తే గోడ మీద చుక్క తప్ప ఏమీ కనబడదు. మన దగ్గర సగం పెళ్ళిళ్ళు లాన్‌లలో, ఆరుబయట. గాలి వీచిందంటే పొగ పక్కింటివాళ్ళకు, చుక్క ఎదుటి అపార్ట్‌మెంటుకు. బీమ్‌కు అసలైన చోటు పైకప్పు ఎత్తుగా ఉన్న మూసిన హాలు.

స్పాట్ అంటే 12, 15 డిగ్రీల వెడల్పున్న వృత్తం. లోపల గోబో అనే చిన్న బిళ్ళలుంటాయి, వాటి మీది పువ్వులు, నక్షత్రాలు నేల మీద, గోడ మీద పడతాయి. 15 డిగ్రీల స్పాటు 15 అడుగుల దూరం నుంచి వేస్తే నాలుగు అడుగుల వృత్తం వస్తుంది. వధూవరులు ఇద్దరూ నిలబడడానికి సరిపోయే కొలత. వాష్ అంటే అంచులు లేని వెడల్పాటి వెలుగు. 40 డిగ్రీల వాష్ 12 అడుగుల నుంచి తొమ్మిది అడుగుల దాకా పరుచుకుంటుంది. పది పన్నెండు అడుగుల కప్పున్న మన మంగల్ కార్యాలయాల్లో, సంఘం హాళ్ళలో నిజంగా పనిచేసేవి ఈ రెండే. మొదటిసారి కొనేవాడు రెండు స్పాట్లు, రెండు వాష్‌లు తీసుకుంటే పెళ్ళి, పుట్టినరోజు, హళ్దీ, స్కూలు గ్యాదరింగు అన్నిటికీ తిరగ్గలడు. ఎనిమిది బీమ్‌లు కొన్నవాడు బరాత్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు.

వాట్ల గురించి ఒక మాట. డబ్బా మీద 100 వాట్లు, 150 వాట్లు అని పెద్ద అక్షరాలు ఉంటాయి. అది ఎల్‌ఈడీ సామర్థ్యమా, మొత్తం లైటు తాగేదా, ఊరికే రాసిందా అన్నది డబ్బా చెప్పదు. వెలుగు తెలియాలంటే చూడాల్సింది లక్స్ అంకె, అదీ ఎంత దూరంలో కొలిచారో రాసి ఉంటేనే. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది. అందుకని ఒకరు రెండు మీటర్ల అంకె, ఇంకొకరు ఐదు మీటర్ల అంకె ఇస్తే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం తెలివితక్కువ. మా ఆఫీసులో కంపారిటివ్ స్టేట్‌మెంట్ రాసేటప్పుడు మొదటి గడిలోనే కొలత ఒకటేనా అని చూసేవాళ్ళం. ఇక్కడా అంతే. మూడు కొటేషన్లు తీసుకోండి, మూడింటిలోనూ లక్స్ ఒకే దూరానికి అడగండి. ఇవ్వలేనివాడిని పక్కన పెట్టండి.

హైదరాబాదు కోఠిలోని ట్రూప్ బజారుకో, ఢిల్లీ భగీరథ్ ప్యాలెస్‌కో వెళ్ళి కొనేవాళ్ళున్నారు. మరికొందరు ఫోనులోనే ఆర్డరిస్తారు. ఎక్కడ కొన్నా, కొన్న లైటును కళ్ళారా వెలిగించి చూడకుండా డబ్బు కట్టొద్దు. చూసేటప్పుడు దుకాణంలో ట్యూబులైట్లు ఆర్పమనండి. తెల్లగోడ మీద తెలుపు వేసి చూడండి. మధ్యలో వెలుగు, అంచులో నీలి మచ్చ ఉంటే లెన్సు నాసిరకం. ఆ తరవాత తలను మెల్లగా, చాలా మెల్లగా కదిలించమనండి. వేగంగా ఏ లైటైనా తిరుగుతుంది, మెల్లగా వణక్కుండా తిరిగేదే మంచి మోటారు. వెలుగును సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచమనండి. కొన్ని చవక లైట్లు చీకటి నుంచి ఒక్కసారిగా గెంతుతాయి. చివరికి మీ ఫోనులో స్లో మోషన్ వీడియో తీయండి. కంటికి నిలకడగా ఉన్న లైటు ఫోనులో నల్లగీతలు పరిగెత్తిస్తే, పెళ్ళి వీడియో తీసేవాడు రేపు మీ పిల్లవాడితో తగాదా పెట్టుకుంటాడు. ఈ పరీక్షలన్నిటికీ పావుగంట చాలు. పావుగంట ఇవ్వని దుకాణదారుడు వారంటీకి ఏం పలుకుతాడు?

ఫ్యాను చప్పుడు కూడా వినండి. బరాత్‌లో అది వినబడదు. కానీ ఉగాది నాడు పంచాంగ శ్రవణం జరుగుతుంటే వేదిక పక్కన నాలుగు లైట్లు హోరుమంటుంటే రాశిఫలాలు ముందు వరసకే అందుతాయి.

ఇప్పుడు లైట్లను నడిపే సంగతి. వీటికి ఒక భాష ఉంది, డీఎంఎక్స్ 512 అంటారు. అమెరికాలో 1986లో కుదిర్చారు. ఏ కంపెనీ లైటైనా, ఏ కంపెనీ కంట్రోలరైనా ఈ భాషలోనే మాట్లాడుకుంటాయి. ఒక వైరు మీద 512 చానెళ్ళు పోతాయి. ఒక లైటులో పాన్‌కు ఒక చానెలు, టిల్ట్‌కు ఒకటి, రంగుకు ఒకటి, గోబోకు ఒకటి, ఇలా పది పదిహేను అవుతాయి. మన పిల్లలు మొదట కొనేది 192 చానెళ్ళ చవక కంట్రోలరు. అది 12 లైట్లను, ఒక్కోదానికి 16 చానెళ్ళ చొప్పున నడుపుతుంది. కాబట్టి కొనే లైటులో 16 చానెళ్ళు లేదా అంతకంటే తక్కువలో నడిచే మోడు ఉండాలి. 20 చానెళ్ళ మోడు ఒక్కటే ఉన్న లైటు తెచ్చుకుంటే ఆ పెట్టెతో తిప్పలే. అడ్రసులు పెట్టేటప్పుడు మొదటి లైటుకు 1, రెండోదానికి 17, మూడోదానికి 33, నాలుగోదానికి 49. మన పాత ఫైళ్ళ నంబర్ల లాంటిదే ఈ వ్యవహారం. రెంటికి ఒకే నంబరు వేస్తే రెండూ ఒకే మాట వింటాయి. ఒక్కోసారి అదే కావాలి కూడా.

వైరు విషయంలో మాత్రం పొదుపు వద్దు. మైకు వైరు, డీఎంఎక్స్ వైరు చూడడానికి ఒకటే, ప్లగ్గు కూడా ఒకటే. కాస్త దూరం పోయేసరికి మైకు వైరు మీద లైట్లు పిచ్చిపట్టినట్టు ఊగుతాయి. వరసలో చివరి లైటుకు టెర్మినేటర్ అని ఒక ప్లగ్గు పెట్టాలి, అందులో 120 ఓమ్‌ల రెసిస్టరు ఒక్కటే ఉంటుంది. రెండో పిన్నుకూ మూడో పిన్నుకూ మధ్య అతకడం. ఖర్చు చాయ్ పైసలంత. అది లేకనే "లైటు పాడైంది" అని వాపసు పంపినవాళ్ళున్నారు.

మన వాతావరణం ఈ లైట్లకు శత్రువు. మే నెలలో చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటడం మనకు వింత కాదు, మహాకాళి యాత్ర చైత్రంలో, పెళ్ళి ముహూర్తాలూ ఎండాకాలంలోనే. ఎల్‌ఈడీకి వేడి పడదు. లోపలి వేడి హద్దు దాటితే మంచి లైటు తానే వెలుగు తగ్గించుకుంటుంది, చవకది కాలిపోతుంది. పైగా మన దగ్గర గాలిలో ఉండే బొగ్గు దుమ్ము ఫ్యాను జాలిలో నల్లటి మైనంలా పేరుకుంటుంది. ఎల్‌ఈడీ 50,000 గంటలు వస్తుందని డబ్బా మీద రాస్తారు. ఆ లెక్క ఎల్‌ఈడీ చిప్పుకు, దాని పక్కనున్న ఫ్యానుకు కాదు. మన ఊళ్ళో ముందుగా పోయేది ఫ్యాను, తరవాత పవర్ సప్లై.

గణపతి నవరాత్రులు వానలు ఇంకా వెనక్కి మళ్ళని రోజుల్లో వస్తాయి. లైటు మీద ఐపీ 20 అని ఉంటే నీళ్ళకు రక్షణ సున్నా అని అర్థం. మొదటి అంకె దుమ్ముకు, రెండో అంకె నీటికి. ఐపీ 65 లైటు దుమ్మును రానివ్వదు, నీటి ధారకు తట్టుకుంటుంది, కానీ ధర, బరువు రెండూ ఎక్కువ. చిన్న లైట్లలో ఎక్కువ భాగం ఐపీ 20వే. వాటి మీద పాలిథిన్ కవరు కప్పి వెలిగించే అలవాటు కనబడుతోంది. వాన తడవదు నిజమే, ఫ్యానుకు గాలీ అందదు. వానాకాలం బేరాలు ఎక్కువ ఉన్నవాడు రెండు ఐపీ 65 వాష్‌లైనా దగ్గర పెట్టుకోవాలి, లేదా గట్టి పందిరి కింద తప్ప లైటు పెట్టనని ముందే చెప్పాలి.

బతుకమ్మ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ప్రతి ఏడూ ఆడవాళ్ళు ఇదే ఫిర్యాదు చేస్తారు. బతుకమ్మ ఆట గుండ్రంగా, నడిమి పువ్వుల వైపు చూస్తూ ఆడే ఆట. తిరిగే లైటు నాలుగు మూలల నుంచి మొహానికి ఎత్తులో కొడితే ఎవరి అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. లైటును పది అడుగులకు పైన పెట్టి కిందికి వంచాలి, కదలికను దాదాపు ఆపేయాలి. రంగు ఇంకా ముఖ్యం. తంగేడు పువ్వు పసుపు. దాని మీద ఒట్టి నీలం వెలుగు వేస్తే పసుపు మాయమై నల్లబడుతుంది. పసుపు రాసిన గౌరమ్మ బూడిద రంగులో కనబడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు తెలుపు ఎల్‌ఈడీ విడిగా ఉన్న వాష్ తీసుకుంటే ఈ బాధ ఉండదు. కొటేషన్‌లో ఆర్‌జీబీడబ్ల్యూ అని ఉంటే ఆ చివరి అక్షరమే ఆ తెలుపు. తెల్లారేదాకా అల్లిన పువ్వుల రంగు ఫొటోలో రాకపోతే మన ఇంటి ఆడవాళ్ళు ఊరుకుంటారా?

కళ్ళ సంగతి దగ్గర నేను మొహమాటపడను. మూవింగ్ హెడ్ వేరు, లేజరు వేరు. రెండూ తిరుగుతాయి, రెండూ గీతలు గీస్తాయి, అందుకని పిల్లలు ఒకే గాటన కట్టి "లేజర్ కూడా పెడదాం అంకుల్" అంటారు. లేజరు కిరణం విచ్చుకోదు, కంట్లో పడితే కంటి లెన్సు దాన్ని రెటీనా మీద ఒక్క చుక్కకు చేరుస్తుంది. అక్కడ కాలితే తిరిగి రాదు. 2023 గణపతి నిమజ్జనం తరవాత నాసిక్‌లో కొందరు యువకుల రెటీనా ఇలాగే దెబ్బతిందని పత్రికల్లో వచ్చింది. 2024లో పుణె పోలీసులు గణేశోత్సవానికి లేజర్ బీములను నిషేధించారు. మన సంఘం కార్యక్రమాలకు ఇచ్చే ఆర్డరు కాగితంలో "లేజరు లేదు" అని రాసి సంతకం చేయించుకుంటాం. దీని మీద వాదన లేదు. ఎల్‌ఈడీ బీమ్ అంత ప్రమాదకరం కాకపోయినా చిన్నపిల్లల మొహాల మీద నేరుగా నిలపకూడదు. ఇక టపటపా కొట్టే స్ట్రోబ్: సెకనుకు మూడు నుంచి 30 సార్ల మధ్య మెరిసే వెలుగు కొందరిలో మూర్ఛ తెప్పించగలదు. బ్రిటన్‌లో భద్రతా సూచనలు సెకనుకు నాలుగు మెరుపులు దాటొద్దంటాయి. కంట్రోలరులో ఆ హద్దు పెట్టుకోవడం పెద్ద పని కాదు.

ఎత్తులో కట్టేటప్పుడు క్లాంపుతో పాటు ప్రతి లైటుకూ ఒక ఉక్కు సేఫ్టీ తాడు ఉండాలి. ఐదు కిలోల లైటు పది అడుగుల నుంచి జనం మీద పడితే మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. స్టాండు కాళ్ళ మీద ఇసుక సంచులు, జనం తోసుకునే వైపు తాడు. లైటు అద్దెకు ఇచ్చేవాడు ఇవి తీసుకురాకపోతే మేము లైటు పెట్టనివ్వం.

డబ్బు లెక్కకు వద్దాం. చూపడానికి వేసిన అంకెలివి, బజారు ధరలు కావు. నాలుగు లైట్లు, కంట్రోలరు, స్టాండ్లు, వైర్లు, పెట్టెలు కలిపి 80 వేలు అయ్యాయనుకోండి. ఒక కార్యక్రమానికి లైట్ల కింద ఖర్చులు పోను 2 వేలు మిగిలితే 40 కార్యక్రమాలకు పెట్టుబడి చేతికొస్తుంది. ఏడాదికి 25 దొరికితే ఏడాదిన్నర దాటుతుంది. అదే అంకెతో 16 లైట్లు కొంటే? బేరాలు నాలుగింతలు కావు, మహా అయితే ఒక్కో బేరానికి కాస్త ఎక్కువ అడగొచ్చు. అందుకే నాలుగుతో మొదలుపెట్టమంటాను. పెద్ద బేరం వచ్చిన రోజున మిగతావి తోటి డీజే దగ్గర అద్దెకు తెచ్చుకోవచ్చు. దానికోసం కూడా అందరూ వాడే రకం కొనడం మంచిది, నలుగురి లైట్లు కలిసి నడుస్తాయి.

అసలు లైట్ల మీద పెట్టుబడికి నేను అడ్డం చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది. సౌండు మీద కట్టడి ఏటేటా బిగుస్తోంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు ఆగాలి. హైదరాబాదులో 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు. పది గంటలకు సౌండు కట్టేసినా లైటు కట్టెయ్యమని చట్టం అనడం లేదు. పెళ్ళి స్టేజీ అలంకరణకు, స్కూలు నాటకాలకు, సంఘం సభలకు వెలుగు పని తెలిసిన పిల్లవాడికి పని ఉంటుంది. బాక్సుల మోత ఒక్కటే తెలిసినవాడికి దొరికే రోజులు తగ్గిపోతున్నాయి.

కొన్నప్పుడు జీఎస్టీ బిల్లు తీసుకోండి, దాని మీద ప్రతి లైటు సీరియల్ నంబరు రాయించండి. "బిల్లు లేకపోతే తగ్గిస్తా" అన్నచోట వారంటీ కూడా అక్కడే తగ్గిపోతుంది. బిల్లుతో పాటే రెండు ఫ్యానులు, ఒక పవర్ సప్లై విడిగా కొనిపెట్టుకోండి, రెండేళ్ళ తరవాత ఆ మోడలుకు దొరకవు. ఒక నోటుపుస్తకం పెట్టి ఏ లైటు ఏ తారీఖున ఎన్ని గంటలు వెలిగిందో రాయమనండి పిల్లవాణ్ణి. నెలకోసారి ప్లగ్గు తీసి, ఫ్యాను రెక్కను వేలితో ఆపి, బ్లోయరుతో దుమ్ము కొట్టాలి. రెక్క ఆపకుండా గాలి కొడితే ఫ్యాను ఉన్న వేగానికి మించి తిరిగి పాడవుతుంది. లెన్సును మెత్తటి పొడిబట్టతో తుడవాలి, కిరోసిన్ తగలనివ్వొద్దు. కార్యక్రమం అయ్యాక వేడి లైటును వెంటనే పెట్టెలో మూసెయ్యకుండా, వెలుగు ఆర్పి ఫ్యాను మాత్రం ఐదు నిమిషాలు తిరగనివ్వాలి. ఆ ఐదు నిమిషాల్లో వైర్లు చుట్టుకోవచ్చు.